తినలేదు, తాగానంతే

ఎండోస్కోపీకి వెళ్లేవారికి ఆసుపత్రివారు ముందుగా ఒక కాగితం ఇస్తారు. దానిని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకుంటే చదివినట్టేనని నేను నమ్మేవాడిని. కొసన చిన్న కెమెరా ఉన్న గొట్టాన్ని నోటిగుండా పంపి అన్నవాహికను, జీర్ణాశయాన్ని, చిన్నపేగు మొదటి భాగాన్ని చూసే ఆ పరీక్షకు ఖాళీ కడుపుతో రమ్మని డాక్టరుగారు స్వయంగా చెప్పినప్పుడు, మళ్లీ కాగితంతో పనేమిటనుకున్నాను.

"ఉదయం ఏమైనా తిన్నారా?" అని నర్సు అడిగితే "లేదండీ" అన్నాను. అది అక్షరసత్యం. ఆమె అక్కడితో ఊరుకోక, "పోనీ, ఏమైనా తాగారా?" అన్నారు. గంట క్రితం పెద్ద గ్లాసు నిండా పాలు కలిపిన కాఫీ తాగానని చెప్పగానే, కాగితం మీద నడుస్తున్న ఆమె కలం ఆగిపోయింది. మంచినీళ్లయితే మామూలుగా రెండు గంటల ముందు వరకూ ఫరవాలేదట గాని, పాలను మాత్రం ఆహారం కిందే లెక్కగట్టి ఆరు గంటల వ్యవధి పాటించాలట. కడుపులో మిగిలినది పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి జారితే ప్రాణం మీదికి వస్తుందని ఆమె వివరించాక నాకు వాదించే ధైర్యం పోయింది. అయినా పరువు కోసం "కాఫీ ద్రవపదార్థమే కదండీ?" అని ఒక్కసారి అడిగి చూశాను. ఆమె బదులు చెప్పకుండా మరో తేదీ రాసి చేతిలో పెట్టారు.

రెండోసారి బావమరిదిని వెంటబెట్టుకుని వెళ్లాను. మత్తు తీసుకునేవారికి తోడు తప్పనిసరి అని కాగితంలో ఉన్నదట. చదివినది మా ఆవిడ. గొంతులో ఏదో మందు స్ప్రే చేయగానే నాలుక మొద్దుబారి, నా గొంతు నాదో, ఎవరి దగ్గరైనా అరువు తెచ్చుకున్నదో తెలియని స్థితి వచ్చింది. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, పళ్ల మధ్య ప్లాస్టిక్ మౌత్ గార్డ్ అమర్చారు. అది నా పళ్ల రక్షణకు అనుకున్నాను గాని, నేను కొరికేయకుండా గొట్టాన్ని కాపాడటానికి కూడానట. చూడబోతే ఆ గొట్టం చిటికెన వేలంత లావే ఉన్నది. 1868లో కుస్‌మాల్ అనే జర్మన్ వైద్యుడు వంగని లోహపు గొట్టంతో ఈ పని చేయవలసివచ్చి, కత్తులు మింగే గారడీవాడిని వెతికి తెచ్చుకున్నాడు. 1957లో వంగే గొట్టాన్ని తయారుచేసిన బాసిల్ హిర్షోవిట్జ్ దానిని ముందుగా తానే మింగి చూశాడు. వారితో పోలిస్తే నాది మహారాజభోగమని ధైర్యం చెప్పుకుంటుండగా చేతి నరంలోకి సూదిమందు ఎక్కింది.

"ఎప్పుడు మొదలుపెడతారోయ్?" అని బావమరిదిని అడిగాను.

"అయిపోయి అరగంటయింది బావగారూ. మీరు ఈ మాట అడగడం ఇది నాలుగోసారి."

డాక్టరుగారు వచ్చి, లోపలి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపామని చెప్పారట. నేను ఎంతో వివేకంగా తల ఊపానట. నాకు నొప్పీ తెలియలేదు, ఆ సంభాషణా గుర్తులేదు. కడుపును ఉబ్బించడానికి పంపిన గాలి మాత్రం తన ఉనికిని త్రేన్పుల రూపంలో చాటుతూనే ఉన్నది. గొంతు మొద్దు విడిచేదాకా గుక్కెడు నీళ్లు కూడా ఇవ్వకూడదన్నారు.

"అన్నట్టు, నా బ్యాంకు అప్పుకు హామీ సంతకం పెడతానన్నారు బావగారూ, ఇందాక, నర్సుగారి ఎదుటే" అన్నాడు బావమరిది, ఫైలు తెరుస్తూ.

అప్పుడు తీశాను జేబులోంచి కాగితం. మడతలు విప్పి, మొదటిసారిగా అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదివాను: మత్తు తీసుకున్నవారు 24 గంటలపాటు వాహనం నడపరాదు, ముఖ్యమైన నిర్ణయాలు తీసుకోరాదు, చట్టబద్ధమైన పత్రాలపై సంతకం చేయరాదు. చివరి వాక్యాన్ని రెండుసార్లు చదివాను.

బావమరిది గడియారం చూసుకుని, "అయితే రేపు ఇదే వేళకు ఇంటికి వస్తాను" అన్నాడు.