గ్రానైట్ రుచి

మా బావమరిదికి జబ్బు చేసింది. దాని పేరు టెర్వార్. ఫ్రాన్స్‌లోని లియాన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి మూడేళ్లు నిక్షేపంగా ఉన్నాడు. ఒక శనివారం రైలెక్కి, గంట దూరంలో ఉన్న తాన్-లెర్మితాజ్ అనే వైన్ ఊరెళ్లి వచ్చాడు. అంతే. ఇప్పుడు మంచినీళ్లిచ్చినా గ్లాసు వెలుతురుకెత్తి, గిర్రున తిప్పి, ముక్కు లోపల పెట్టి, ఆ తర్వాతే తాగుతున్నాడు. మొన్న పప్పుచారు పోసుకుని "ఫినిష్ బాగా లాగుతోంది" అన్నాడు. వాళ్లావిడ గరిటె ఎత్తింది కానీ, నేనున్నానని ఊరుకుంది.

ఇలాంటివాడు మీ ఇంట్లోనూ ఒకడుంటాడు. కాబట్టి ఆ మాటకు అర్థం చెప్పి మిమ్మల్ని అవమానించను. నేల, వాలు, ఎండ, గాలి, అన్నీ కలిసి వైన్ సీసాలో రుచిగా దిగడమట.

ఫిబ్రవరిలో నన్ను కూడా ఆ కొండకి లాక్కెళ్లాడు. రోన్ నది ఎడమ గట్టున, దక్షిణానికి తిరిగి నిలబడ్డ ఎర్మితాజ్ కొండ. ద్రాక్షతోటలన్నీ కలిపితే సుమారు 135 హెక్టార్లు, అంటే మన లెక్కన 330 ఎకరాల పైచిలుకు. మన దగ్గర ఓ మోస్తరు వెంచర్ వాళ్లు వారంలో రాళ్లు పాతి, ఆర్చి కట్టి, క్లబ్‌హౌస్ బొమ్మ వేసి అమ్మేస్తారు. ఇక్కడ మాత్రం ఆ పేరుకే 1937 నుంచి సర్కారు రక్షణ. మంచిదే, ఒప్పుకుంటాను.

కొండ కింద రుచి చూపించే గది. బల్ల మీద మూడు గాజు సీసాలు. ఒకదాంట్లో కొండ మీద బెస్సార్ అనే చోటి గ్రానైటు, ఇంకోదాంట్లో మెయాల్ అనే చోటి గులకరాళ్లు, మూడోదాంట్లో గాలి తెచ్చిపోసిన పసుపుపచ్చ మట్టి. గుళ్లో విభూతి, కుంకుమ, పసుపు పెట్టినట్టే పెట్టారు. నల్ల ఏప్రాన్ కట్టుకున్న కుర్రాడు గ్లాసులో సిరా అనే ద్రాక్షతో చేసిన వైన్ రెండు గుక్కలు పోసి, గ్రానైటు సీసా మూత తీశాడు. పన్నెండు మందీ లేచి వరసగా వాసన చూశారు. నా ముందున్న పెద్దమనిషి కళ్లు మూసుకుని చాలాసేపు తెరవలేదు. ఏదో అయిందేమోనని కంగారుపడ్డాను. "వాన వెలిసిన రాయి" అన్నాడు చివరికి. అందరూ తలలూపారు. "తుపాకీ చెకుముకి" అందొకావిడ. ఆవిడకి తుపాకీతో ఏం పనో నేనడగలేదు. అప్పుడు మా బావమరిది, తల్లిదండ్రులు కడుపు కట్టుకుని ఇంజనీరింగ్ చదివించిన మా బావమరిది, సీసాలో చెయ్యి పెట్టి ఒక రాయి తీసి, నాకాడు.

"నువ్వూ చూడు బావా, అదే రుచి వైన్లోనూ వస్తుంది."

నేనూ నాకాను. దాచేదేముంది. ఉప్పగా ఉంది. ఆ రాయిని నాకంటే ముందు కనీసం నాలుగు వందలమంది పిసికుంటారు. ఆ చెమట తప్ప రాయికి సొంత రుచంటూ లేదు. భూగర్భ శాస్త్రవేత్తలు ఎప్పటినుంచో మొత్తుకుంటున్నదీ ఇదే. వేరు రాయిని జుర్రుకోదు, నీళ్లలో కరిగిన పొటాషియం, కాల్షియం లాంటివే కాస్త కాస్త తీసుకుంటుంది. రాయి ప్రభావమే లేదని నేననను. నీళ్లు నిలవనివ్వదు, పగటి వేడిని దాచుకుంటుంది, గుత్తికి ఆ తేడా తెలుస్తుంది. అంతమాత్రాన గ్లాసులో గ్రానైటు తగిలిందంటే, పాలల్లో గేదె కొమ్ము తగిలినట్టే.

అయినా గ్రానైటు గురించి మాకా చెప్పేది? మాది హైదరాబాదు. మా ఇంటి కింద ఉన్న రాయికి దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఎర్మితాజ్ రాయి దాని ముందు బారసాల కాని పిల్ల. అంత పాత రాయిని పగలగొట్టి కంకర పోసుకున్నాం తప్ప, ఎవరం నాకలేదు.

కథలు మాత్రం దండిగా ఉన్నాయి. సిరా ద్రాక్షని పర్షియాలోని షిరాజ్ నుంచి ఎవరో వీరుడు తెచ్చాడని శతాబ్దాలు చెప్పుకున్నారు. తీరా 1990ల చివర్లో డీఎన్ఏ చూస్తే తల్లీతండ్రీ ఇద్దరూ అక్కడివాళ్లే, ఒకరిది ఏటి అవతలి అర్దెష్, ఇంకొకరిది సవ్వా. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడం మనకొక్కరికే పేటెంటు కాదన్నమాట. పందొమ్మిదో శతాబ్దంలో బోర్డో వర్తకులు తమ పల్చటి వైన్‌లో ఈ కొండ వైన్ కలిపి చిక్కబరిచేవారు. అప్పుడెవరికీ గ్రానైటు తగల్లేదు కాబోలు. కొండ మీద ఓ గుడి ఉంది, చిన్న చర్చి. దాని పేరు పెట్టిన 'ల షపెల్' వైన్ కూడా ఆ గుడి చుట్టూ కాసిన ద్రాక్షది కాదు, కొండ మీద నాలుగు చోట్ల కాసినవి కలిపింది.

ఆ గుడి కథ చెప్పేటప్పుడు కుర్రాడి గొంతు పూడుకుపోయింది. గస్పార్ ద స్తెరింబేర్ అనే యోధుడు 1224లో, చర్చి మతద్రోహులని ముద్ర వేసిన కథారుల మీద యుద్ధం నుంచి గాయపడి వచ్చి, ఇక్కడ సన్యాసిగా ఉండిపోయి తీగలు నాటాడట. అందుకే కొండకి సన్యాసి ఆశ్రమమని పేరు. బాగుంది. ఆ యుద్ధం 1209లో బెజియే ఊరిని ఊరిగా ఊచకోత కోసిన యుద్ధం. చంపడానికి పోయి వచ్చినవాడి పేరున కొండ వెలిసింది. మరి వాలు మీద మట్టిని ఆపే ఈ రాతి గోడలు కట్టిందెవడు? ఈ వాలు మీద చాలాచోట్ల ట్రాక్టరు ఎక్కదు. గట్టి వాన పడితే మట్టి జారి కిందికొచ్చేస్తుంది. తరతరాలుగా దాన్ని బుట్టల్లో నింపి, వీపు మీద మోసి, మళ్లీ పైన పోసింది మనుషులు. మీరు నాకుతున్న టెర్వార్ ఒకడి వీపు మీద ఎక్కిందయ్యా! అంతర్జాతీయ ద్రాక్ష, వైన్ సంస్థ 2010లో ఇచ్చిన టెర్వార్ నిర్వచనంలో మనుషుల సామూహిక జ్ఞానం అన్న మాటుంది. రుచి గదికి వచ్చేసరికి ఆ మాట మాయం. 2023 సెప్టెంబరులో షాంపేన్ ప్రాంతంలో ద్రాక్ష కోస్తూ కూలీలు చనిపోతే, ఎండ దెబ్బేనా అని విచారణ పెట్టారు. ఎండ కూడా టెర్వారే కదా, ఏ గ్లాసులో తగిలింది మీకది?

గ్రానైటు రుచి నిజంగా తెలిసినవాళ్లు లేకపోలేదు. కరీంనగర్ క్వారీల్లో డ్రిల్లు పట్టేవాళ్లని అడగండి. వాళ్ల నోట్లో, ముక్కులో రోజంతా అదే. ఊపిరితిత్తుల్లో చేరితే దాన్ని వైన్ ప్రియుల్లా 'మినరాలిటీ', అంటే రాతి రుచి, అనరు, సిలికోసిస్ అంటారు.

సాయంత్రం కొండెక్కాం. సగం దూరంలో ఒకాయన కూలిన గోడ రాళ్లు ఒక్కొక్కటే ఎత్తి పేరుస్తున్నాడు. చలికి చేతివేళ్లు ఎర్రగా పగిలి ఉన్నాయి. మా బావమరిది భక్తిగా వంగి, ఇది ఏ రకం రాయి అని ఫ్రెంచిలో అడిగాడు. ఆయన చేతిలోది కింద పెట్టి, నడుం పట్టుకుని ఏదో అన్నాడు.

"ఏమంటున్నాడ్రా?"

"బరువైన రకం అంటున్నాడు బావా" అని నోటుపుస్తకం తీశాడు. తొంగిచూశాను. నోట్లో వైన్ ఎంత బరువుగా ఉందో రాసే 'బాడీ' అన్న గడిలో 'ఫుల్' అని రాసుకుంటున్నాడు.