చచ్చిన పన్ను, చావని పుకారు

"రూట్ కెనాల్ చేసిన పన్ను శవంతో సమానం, అది నోట్లో ఉంటే క్యాన్సర్ వస్తుంది. నరం తీస్తే చూపు మందగిస్తుంది. ఆ నొప్పి ఎవరూ తట్టుకోలేరు. లవంగ నూనె రాయండి, తగ్గకపోతే పీకించేయండి." వాట్సాప్‌లో తిరుగుతున్న ఈ సందేశం మొన్న మా బంధువుల గ్రూపులోకీ వచ్చింది. దవడ పన్నుకు రూట్ కెనాల్, అంటే పంటి లోపలి పాడైన గుజ్జును తీసి వేరు కాలువలను పూడ్చే చికిత్స, చేయించుకోవడానికి అపాయింట్‌మెంట్ తీసుకున్న మా పిన్ని అది చదివి వెళ్లడం మానేసింది కనుక, ఇందులోని మాటలను ఒక్కొక్కటిగా చూడవలసి వచ్చింది.

క్యాన్సర్ మాట వెనుక వందేళ్లనాటి భయం ఉంది. చీము పట్టిన పళ్ల వేళ్ల మీద బంగారు తొడుగులు బిగించడం ఎన్నో రోగాలకు మూలమని బ్రిటిష్ వైద్యుడు విలియం హంటర్ 1910లో మాంట్రియల్‌లో ప్రసంగించాడు. ఆ తర్వాత అమెరికన్ దంతవైద్యుడు వెస్టన్ ప్రైస్, వేరు చికిత్స జరిగిన పళ్లను పీకి కుందేళ్ల చర్మం కింద పెట్టి, అవి జబ్బుపడ్డాయని 1923లో ప్రకటించాడు. క్రిములతో నిండిన నోటిలోంచి పీకేటప్పుడే పంటికి క్రిములు అంటుకుంటాయన్న సంగతిని ఆ ప్రయోగాలు సరిగా లెక్కలోకి తీసుకోలేదు. తరువాతివారు మరింత జాగ్రత్తగా చేసి చూస్తే ఆ ఫలితాలు నిలబడలేదు. ఈలోగా పాశ్చాత్య దేశాల్లో ఎంతోమంది కాపాడుకోదగిన పళ్లను పోగొట్టుకున్నారు. పైగా ప్రైస్ ప్రధానంగా చెప్పినది కీళ్లు, గుండె, మూత్రపిండాల జబ్బుల గురించి. రూట్ కెనాల్ వల్ల క్యాన్సర్ వస్తుందని నమ్మదగిన ఏ పరిశోధనా నిరూపించలేదు. ఇక "శవం" అన్న మాటకు వస్తే, తీసివేసేది పంటి లోపలి గుజ్జునే. వేరును ఎముకకు పట్టి ఉంచే పొర రక్తప్రసారంతో సజీవంగానే ఉంటుంది. చికిత్స అయిన పంటి కింద అన్నంలోని రాయి పడితే చివుక్కుమనేది అందుకే.

చూపు సంగతి ఒక్క మాటలో తేలిపోతుంది: పంటి స్పర్శను మోసేది అయిదవ కపాల నాడి, చూపును మోసేది రెండవది, రెండూ వేర్వేరు.

నొప్పి విషయంలో మాత్రం సందేశంలో రవ్వంత నిజం ఉంది. బాగా వాచి సలుపుతున్న కింది దవడ పంటికి మొదటి మత్తు ఇంజక్షన్ ఒక్కోసారి చాలదు. ఆ మాట వెంటనే చెబితే డాక్టర్ మరికొంత మత్తు ఇస్తారు. మత్తు ఎక్కాక తెలిసేది ఒత్తిడి, కదలిక, చాలాసేపు నోరు తెరిచి ఉంచడం వల్ల వచ్చే దవడ నొప్పి. పంటి చుట్టూ రబ్బరు పొర బిగించి, సన్నని సూదుల్లాంటి ఫైళ్లతో వేరు కాలువలను శుభ్రం చేస్తారు. మధ్యమధ్య సోడియం హైపోక్లోరైట్‌తో కడుగుతారు కనుక బ్లీచింగ్ పౌడర్ వాసన ముక్కుకు తగులుతుంది. కింది దవడ పంటికి సాధారణంగా మూడు కాలువలు, పై దవడ పంటికి తరచు నాలుగు ఉండడం వల్ల, ముందు పంటికన్నా వీటికి ఎక్కువ సమయం పడుతుంది. చివరికి కాలువలను గట్టాపెర్చా అనే రబ్బరులాంటి పదార్థంతో పూడుస్తారు. ఆ తర్వాత కొన్ని రోజులు కొరికితే నొప్పిగా ఉండడం మామూలే. వాపు పెరిగినా, జ్వరం వచ్చినా ఆగకుండా మళ్లీ వెళ్లాలి.

లవంగ నూనెను నేను తీసిపారేయను. అందులోని యూజెనాల్ నొప్పిని కాసేపు మొద్దుబారుస్తుంది, దంతవైద్యులు కూడా దాన్ని జింక్ ఆక్సైడ్‌తో కలిపి తాత్కాలిక పూడికగా వాడతారు. అయితే కుళ్లిన గుజ్జును అది బాగుచేయలేదు. రక్తప్రసారం ఆగిన గుజ్జులోకి యాంటీబయాటిక్ మాత్రల మందూ చేరదు. నూనె రాయగా రాయగా ఒకరోజు నొప్పి పూర్తిగా పోయిందంటే, చాలాసార్లు గుజ్జు చనిపోయిందనే అర్థం. చీము వేరు కొన దగ్గర మెల్లగా చేరుతూనే ఉంటుంది.

పీకించడం ఒక్కోసారి సరైన నిర్ణయమే, వేరు నిలువునా చీలితే వేరే దారి ఉండదు. లేనిపోని భయంతో పీకిస్తే మాత్రం పక్క పళ్లు ఖాళీలోకి వాలతాయి, ఎదుటి పన్ను జారుతుంది, ఎముక తరుగుతుంది. నిజంగా హెచ్చరించదలిస్తే ఆ సందేశం క్యాప్, అంటే చికిత్స తర్వాత పన్ను చీలకుండా పైన బిగించే తొడుగు, వేయించుకోకపోవడం గురించి హెచ్చరించి ఉండవలసింది. నా దవడ పంటికి చికిత్స బాగానే జరిగింది. క్యాప్ ఖర్చును నేనే వాయిదా వేస్తూ తాత్కాలిక పూడికతో ఏడాది గడిపాను. సంక్రాంతికి జంతిక కొరికితే పన్ను వేరుదాకా చీలింది, అప్పుడు పీకించక తప్పలేదు.