ప్లాస్మా కోసం పరుగు ఎందుకు?

కాలేయం చెడిన మనిషిని ఆదోని నుంచో ఆత్మకూరు నుంచో కర్నూలుకు తీసుకువచ్చాక, పరీక్ష కాగితంలో, రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని మామూలుతో పోల్చి చెప్పే ఐఎన్‌ఆర్ 2 దాటిందంటే చాలు, ‘రక్తం పలచబడింది’ అన్న మాట బంధువుల చెవిన పడుతుంది, రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మా కోసం రక్తనిధి చుట్టూ వారి తిరుగుడు మొదలవుతుంది. రక్తస్రావమేదీ లేనప్పుడు ఈ పరుగు చాలావరకు అనవసరమని మేము భావిస్తున్నాం.

ఫైబ్రినోజెన్, ప్రోత్రాంబిన్ సహా రక్తాన్ని గడ్డకట్టించే ప్రోటీన్లలో అధికభాగం కాలేయంలోనే తయారవుతాయి. వాటిలో నాలుగింటికి విటమిన్ కె అవసరం, అది ఒంటబట్టడానికి పైత్యరసం అవసరం. పిత్తనాళం మూసుకుపోయి వచ్చిన కామెర్లలో విటమిన్ కె ఇంజెక్షన్‌తో సరిపడే ఈ లోపం, కాలేయ కణాలే నశించినప్పుడు అంతగా సరిపడకపోవడానికి కారణం ఇదే. ప్లేట్‌లెట్లు కూడా పెరిగిన ప్లీహంలో చిక్కుకుని తగ్గుతాయి.

ఇది సగం కథ. రక్తం అదుపుతప్పి గడ్డకట్టకుండా ఆపే ప్రోటీన్ సి, యాంటీత్రాంబిన్ కూడా ఆ కాలేయంలోనే పుడతాయి, కనుక అవీ తగ్గుతాయి. త్రాసులో రెండు తట్టలూ తేలికైనట్టు ముల్లు నడుమనే నిలుస్తుంది గాని, ఒక ఇన్‌ఫెక్షనో మూత్రపిండాల వైఫల్యమో తోడైతే ఎటైనా ఒరిగిపోగలదు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ అనే మందు వాడేవారి కోసం రూపొందిన ఐఎన్‌ఆర్ ఇందులో గడ్డకట్టించే ప్రోటీన్ల తట్ట ఒక్కదాన్నే తూస్తుంది. సిరోసిస్ (కాలేయం మచ్చలుపడి గట్టిపడడం) ఉన్నవారికి కాలేయానికి వెళ్లే పోర్టల్ సిరలోనే గడ్డ ఏర్పడడం అరుదేమీ కాదు. పలచని రక్తం గడ్డకట్టదులే అన్న ధీమాతో కాలి వాపును పట్టించుకోకపోవడం అందుకే ప్రమాదకరం.

ఇక రక్తపు వాంతి సంగతి. అది ప్రధానంగా అన్నవాహికలో ఉబ్బిన సిరలు ఒత్తిడికి చిట్లడం వల్ల వచ్చేదే తప్ప, కేవలం గడ్డకట్టే శక్తి లోపించి కాదు. ప్లాస్మా సంచులు ఎక్కించేకొద్దీ రక్త పరిమాణంతో పాటు ఆ ఒత్తిడీ పెరగవచ్చు. అక్కడ కావలసింది ఒత్తిడి తగ్గించే మందులు, నోటి గుండా గొట్టం దించి (ఎండోస్కోపీ) ఆ సిరలకు బ్యాండు వేయగల నిపుణుడు. అదీ అర్ధరాత్రి వేళ. కర్నూలు, అనంతపురం, కడప మూడుచోట్లా ఆ సేవ ఇరవై నాలుగు గంటలూ ఉండేలా చూడడం ప్రభుత్వం పని.

పసరు మందుతో వారాలు గడిపి వచ్చేవారి సంఖ్య తగ్గాలంటే, 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి, సి పరీక్షలు, మందులు ఉచితమన్న సంగతి ముందు పల్లెలకు చేరాలి.