శిక్షణ పేరిట వసూళ్లు

రావులపాలెం, తణుకు, భీమవరం, అమలాపురం, ఏ ఊరి సెంటర్లో నిలబడి చూసినా ఫ్రాంచైజీ బోర్డులే. టీ కొట్టు, బిర్యానీ పాయింటు, ప్లే స్కూలు, రక్తపరీక్షల కలెక్షన్ సెంటరు. చాలావాటి వెనుక కొబ్బరితోట తాకట్టు పెట్టిన కుటుంబం ఒకటి ఉంటుంది. ఆ కుటుంబాల దగ్గర ఫ్రాంచైజీ ఇచ్చిన కంపెనీలు శిక్షణ పేరుతో పదేపదే డబ్బు గుంజుతున్న తీరును ఇక ఉపేక్షించడానికి వీల్లేదు.

గత వారం ఒక టీ దుకాణం యజమాని తన ఒప్పంద పత్రాన్ని మా కార్యాలయానికి తెచ్చి చూపించారు. నలభై పేజీలు దాటిన ఇంగ్లిష్ పత్రం. ఫ్రాంచైజీ రుసుము సంతకం నాడే కట్టించుకున్నారు. దుకాణం తెరిచేలోగా యజమాని, టీ మాస్టరు ఇద్దరూ హైదరాబాద్ వెళ్లి శిక్షణ పొందాలన్నారు. దానికి వేరే రుసుము, ప్రయాణం, బస, భోజనం సొంత ఖర్చు. మాస్టరు మానేస్తే కొత్తగా చేరినవాడిని మళ్లీ పంపాలి, మళ్లీ కట్టాలి. పెళ్లిళ్ల రోజులు రాగానే మాస్టర్లు క్యాటరింగ్ పనులకు వెళ్లిపోయే ఈ ప్రాంతంలో ఆ షరతుకు అర్థమేమిటో వేరే చెప్పాలా? మొత్తం ఎంతన్నది కంపెనీ ఎప్పటికప్పుడు నిర్ణయిస్తుందన్న వాక్యం కింద ఆయన పెన్సిలుతో గీత గీసుకున్నారు. అప్పటికే సంతకం అయిపోయింది.

అన్ని దుకాణాల్లో ఒకే రుచి, ఒకే నాణ్యత ఉండాలంటే శిక్షణ తప్పదని కంపెనీలు అంటాయి. శిక్షణ వద్దని ఎవరూ అనడం లేదు. శిక్షణను తప్పనిసరి చేసేదీ, దాని ధర నిర్ణయించేదీ, ఆ డబ్బు అందుకునేదీ ఒక్కరే కావడం మీదనే మా అభ్యంతరం. పేరుతోపాటు పని విధానాన్ని అప్పగించినందుకే కదా ఫ్రాంచైజీ రుసుము తీసుకున్నది? అదే విధానాన్ని నేర్పడానికి మరోసారి వసూలు చేయడమంటే ఒకే సరుకును రెండుసార్లు అమ్మడమే. పైగా ఆ బిల్లు మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది; 5 శాతం పన్ను పరిధిలో ఉన్న హోటళ్లకు ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోళ్ల మీద కట్టిన పన్నును తాము కట్టాల్సిన పన్నులో తగ్గించుకునే వీలు) లేదు కాబట్టి అది తిరిగిరాని సొమ్ము.

మన దేశంలో ఫ్రాంచైజీలకు ప్రత్యేక చట్టమే లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ముందు సంతకం సంతకమే. వినియోగదారుల కమిషన్‌కు వెళ్తే ఇది వాణిజ్య వ్యవహారమన్న అభ్యంతరం మొదట ఎదురవుతుంది. అమెరికాలో ఒప్పందానికి కనీసం 14 రోజుల ముందే శిక్షణ ఎన్ని గంటలు, ఎక్కడ, ఖర్చు ఎవరిదన్న వివరాలను రాతపూర్వకంగా ఇచ్చి తీరాలి. మలేసియా 1998లోనే చట్టం చేసుకుంది. తప్పనిసరి చేసినవాడే రుసుమూ వసూలు చేసే ఈ పద్ధతిని ఇప్పుడు వదిలేస్తే రేపు బోర్డు మార్చినా, బిల్లింగ్ యంత్రం మార్చినా శిక్షణ పేరిట మరో రసీదు పుడుతుంది. కేంద్రం చట్టం తేవాలి. అంతవరకూ ముద్ర రుణాలిచ్చే బ్యాంకులైనా రుసుముల పేజీ చూడనిదే అప్పు మంజూరు చేయకూడదు.

ప్రారంభోత్సవం నాడు దండ వేసి 'మా భాగస్వామి' అని పిలిచిన మనిషికి, కొత్త మాస్టరుకు పాలు మరగబెట్టడం నేర్పినందుకు బిల్లు పంపడానికి కంపెనీలు సిగ్గుపడాలి. రిబ్బను కత్తిరించడానికి పరుగున వస్తున్న మన ప్రజాప్రతినిధులు కత్తెర పట్టుకునే ముందు ఆ ఒప్పందాన్ని ఒక్కసారి అడిగి చదవాలి.