చక్రవర్తికే దొరకని ఎర్లీ చెకిన్

స్పెయిన్ వైశాల్యం సుమారు 5,06,000 చదరపు కిలోమీటర్లు. అందులో రెండు తెలుగు రాష్ట్రాలనూ పరిచేసినా ఇంకో ఆంధ్రప్రదేశ్, దాని పక్కన సగానికి పైగా తెలంగాణ పట్టేంత చోటు మిగులుతుంది. అయినా స్పెయిన్ యాత్రకు మనవాళ్ళు వేసే ఎక్సెల్ షీట్లు ఎక్కడా జంకవు. పది రోజులు, పన్నెండు ఊళ్ళు. "గ్రనడా: 2.10 నుంచి 3.40 వరకు. భోజనం: దారిలో." ఆ చివరి రెండు మాటల మీద విచారణ సంఘం వేయాల్సిన రోజు వచ్చింది.

ఎందుకంటే స్పెయిన్‌లో ప్రభుత్వాలు పడిపోవచ్చు గానీ వంటగది గంట మాత్రం కదలదు. మధ్యాహ్న భోజనం ఒకటిన్నరకు మొదలవుతుంది. జనం తీరిగ్గా రెండు దాటాక కూర్చుంటారు. నాలుగయ్యేసరికి పొయ్యి కట్టేస్తారు, మళ్ళీ ఎనిమిదిన్నరకో తొమ్మిదికో గానీ వెలిగించరు. ఈ మధ్యలో ఆకలేసిన మహానుభావుడికి ఉన్న దిక్కు బారు అద్దాల వెనక చల్లారిన టోర్టియా (బంగాళాదుంప ఆమ్లెట్) ముక్క, అదీ లేకపోతే పెట్రోలు బంకులో చిప్స్ ప్యాకెట్టు. ఆదివారం రాత్రి, సోమవారం చాలా భోజనశాలలకు సెలవు. ఆగస్టులో కొందరు ఏకంగా నెలంతా తాళం వేసుకుని సముద్రానికి పోతారు.

కాబట్టి ఊళ్ళ పేర్లు తర్వాత రాసుకోవచ్చు. ముందు ప్రతి రోజులోనూ 2.15 దగ్గర ఒక మేకు కొట్టండి. దానికి అటూ ఇటూ మిగిలిన వేళల్లో చరిత్రను సర్దండి. కారు రోజుకు రెండు గంటలకు మించి కదలకూడదు. పని రోజుల్లో మధ్యాహ్నం పూట 'మెనూ దెల్ దియా' అని ఒకటి పెడతారు. మొదట ఒక వంటకం, తర్వాత మరొకటి, రొట్టె, తాగడానికి ఏదో ఒకటి, చివర తీపి గానీ కాఫీ గానీ, అంతా కలిపి ఒకే ధర. రాత్రి అదే బల్ల దగ్గర అవే వంటకాలు విడివిడిగా చెబితే బిల్లు చూసి రెండోసారి ఆకలేస్తుంది. హోటల్లో ఉదయం బఫే మీద పడి పది రకాలు లాగించినవాడు రెండింటికి దేనికీ పనికిరాడు. కాఫీ, టమాటా గుజ్జు రాసిన రొట్టె ముక్క చాలు. డబ్బు కట్టాం కదా అంటారా? అందుకే గది బుక్ చేసేటప్పుడు ధరలో బ్రేక్‌ఫాస్ట్ ఉందో లేదో చూడమనేది.

ఇక బస. ప్రభుత్వ అతిథిగృహం అనగానే తిరగని ఫ్యానూ, కనబడని వాచ్‌మనూ గుర్తొచ్చే జాతి మనది. స్పెయిన్ ప్రభుత్వం మాత్రం 1928లో గ్రెదోస్ కొండల్లో ఒకటి కట్టించి, ఆ తర్వాత పాడుబడ్డ కోటలు, మఠాలు, రాజభవనాలు ఒక్కొక్కటీ బాగుచేయించి హోటళ్ళుగా మార్చుకుంటూ పోయింది. వీటిని పారదోర్లు అంటారు. ఇప్పుడు వందకు కాస్త తక్కువ. శుక్ర, శనివారాలు ఖరీదు, ఆదివారం నుంచి గురువారం దాకా చవక. 55 ఏళ్ళు దాటినవాళ్ళకు ప్రత్యేక రాయితీ ఉంటుంది గనక, ప్రయాణానికి అత్తగారినీ మామగారినీ వెంట తీసుకెళ్ళాలన్న ఉదాత్తమైన ఆలోచన అల్లుళ్ళకు ఇక్కడ సహజంగానే కలుగుతుంది.

ఎక్సెల్ వీరులు కోప్పడినా సరే, దేశమంతా తిరగొద్దు. ఒక్క రోడ్డు పట్టుకోండి: ఏ-66. ఉత్తరాన లెయోన్ నుంచి దక్షిణాన సెవిల్ దాకా దాదాపు 700 కిలోమీటర్లు, టోలు లేదు. లెయోన్, బెనవెంతె, జమోరా, సలమాంకా, ప్లసెన్సియా, కాసెరెస్, మెరిడా, జఫ్రా. అన్ని చోట్లా పారదోరే. ఒక్కో ఊరికీ మధ్య గంటన్నర లోపే. మాడ్రిడ్‌లో దిగి రైల్లో లెయోన్ వెళ్ళి అక్కడ కారు తీసుకుని, సెవిల్‌లో వదిలేయాలి. వేరే ఊళ్ళో వదిలినందుకు అదనంగా వసూలు చేస్తారు, ముందే అడగండి. చిన్న ఊళ్ళలో అద్దె కార్ల ఆఫీసులు కూడా మధ్యాహ్నం మూసేస్తాయి. శనివారం సాయంత్రం, ఆదివారం అసలు ఉండకపోవచ్చు. గేర్లు లేని కారు కావాలంటే నెలల ముందే చెప్పుకోవాలి. డిపాజిట్‌కి డ్రైవరు పేరు మీదే క్రెడిట్ కార్డు ఉండాలి, బావగారి కార్డు చెల్లదు. మన లైసెన్సుతో పాటు ఆర్టీఓ ఆఫీసు ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కూడా కావాలి. ఫీజు వెయ్యి రూపాయలు, గడువు ఏడాది.

లెయోన్‌లో బస సాన్ మార్కోస్ మఠంలో. ముఖద్వారం చూస్తే మెడ నొప్పి పుట్టేంత శిల్పం. ఈ మఠంలోనే క్వెవెడో అనే కవిని 1639 చివర్లో తెచ్చి బంధించారు, 1643 దాకా వదల్లేదు. వ్యంగ్య పద్యం ఒకటి రాసి రాజుగారి భోజనం బల్ల మీద చేతిరుమాలు కింద పెట్టాడని ఒక కథ. నిజమెంతో గానీ, వ్యంగ్యం రాసేవాళ్ళు భోజనాల బల్లలకు దూరంగా ఉండాలని అప్పట్నుంచీ ఒక నియమం ఏర్పడినట్టుంది. ఆయన మూడున్నరేళ్ళు చలికి వణుకుతూ పైసా ఖర్చు లేకుండా ఉన్న చోట ఇప్పుడు మనం వందల యూరోలు పోసి, హీటర్ సరిగా లేదని రిసెప్షన్‌కి ఫోన్ చేస్తాం. అంతర్యుద్ధ కాలంలో కూడా ఇది జైలే. ఆ సంగతి మీద మాత్రం జోకులు వద్దు. ఊళ్ళోకి వెళ్తే 'బారియో ఊమెదో' అనే బార్ల పేటలో ఏ పానీయం కొన్నా ఒక చిరుతిండి ఉచితం. ఉచితం అన్న మాట వినగానే మనలో మేలుకునే శక్తిని అదుపులో పెట్టుకోండి. రక్తంలో లీటరుకు అర గ్రాము మద్యం దాటితే కారు ముట్టుకోకూడదు. కారును హోటల్లో పడుకోబెట్టి నడిచి వెళ్ళండి.

మర్నాడు మధ్యాహ్నం యాభై కిలోమీటర్ల దూరంలోని ఆస్తోర్గాకు పోవాలి. కోసీదో మరగాతో అక్కడి వంటకం. మొదట పెద్ద పళ్ళెంలో మాంసం వస్తుంది: పంది కాలు, చెవి, చోరిసో అనే పంది సాసేజ్, కోడి, ఎద్దు మాంసం, ఇంకా అడక్కండి. అది ముగిశాక శనగలు, క్యాబేజీ. ఆ తర్వాత సూపు, అందులో సన్న సేమియా. చివర కస్టర్డ్. అంటే వడ్డన క్రమం మొత్తం తలకిందులు. వెనకటికి కంచర గాడిదల మీద సరుకు తోలుకుపోయే మరగాతో జనం, ఏ క్షణాన లేచి వెళ్ళాల్సొచ్చినా విలువైనది కడుపులో ముందే పడి ఉండాలని ఇలా మొదలుపెట్టారని చెబుతారు. పప్పు, కూర, పులుసు, చారు, పెరుగు అనే క్రమానికి అలవాటుపడ్డ పెద్దలు ఈ అరాచకం చూసి వణికిపోవచ్చు. ఇక్కడ జరిగే తప్పు ఒక్కటే: మొదటి పళ్ళెం ఖాళీ చేయడం. అడిగితే మళ్ళీ వడ్డిస్తారు కూడా. సగంలో ఆపకపోతే సూపు వచ్చేసరికి మీరు ఉండరు. ఆ రోజు సాయంత్రానికి ఏ చర్చీ, ఏ మ్యూజియం పెట్టుకోవద్దు.

శాకాహారుల విషయానికి వస్తే, ప్రభుత్వం వెంటనే ఒక హెచ్చరిక బోర్డు పెట్టించాలి. అక్కడ హామ్‌ను (ఉప్పు పెట్టి ఆరబెట్టిన పంది తొడ) చాలామంది మాంసంగా లెక్కవేయరు, మన దగ్గర కరివేపాకు కూరగా లెక్క కానట్టే. కూరగాయల 'మెనెస్త్రా'లో హామ్, పప్పులో చోరిసో, వెల్లుల్లి సూపులో హామ్, మిక్స్‌డ్ సలాడ్ మీద ట్యూనా. జమోరాలో మెనూ కార్డు మీద అన్నం కనబడగానే ప్రాణం లేచొచ్చి 'అర్రోస్ ఆ లా జమొరానా' చెబుతారు. అందులో పంది కాలూ చెవీ ఉంటాయి. కాబట్టి 'సిన్ కార్నె' (మాంసం లేకుండా) అంటే చాలదు. 'సిన్ హమోన్, సిన్ చోరిసో, సిన్ అతూన్' (హామ్, చోరిసో, ట్యూనా ఏవీ లేకుండా) అని విష్ణు సహస్రనామంలా మొత్తం చదవాలి. ఒక శుభవార్త కూడా ఉంది. కాసెరెస్ వైపు 'తోర్తా దెల్ కాసార్' అని గొర్రె పాల చీజ్ దొరుకుతుంది. పాలు విరగ్గొట్టడానికి దూడ పొట్ట నుంచి తీసేదేమీ వాడరు, ఒక జాతి ముళ్ళ మొక్క పువ్వులు నానబెట్టిన నీళ్ళు పోస్తారు. పైపెంకు మూతలా కోసి, లోపల జారుడుగా ఉన్నదాన్ని రొట్టెతో ముంచుకు తింటారు. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే కోస్తే గట్టిగా ఉంటుంది, ఓ రెండు గంటలు బయట పెట్టాలి. వాసన సంగతి ముందే చెబితే తినరు, చెప్పను.

సలమాంకాలో ఒక మోసం ఉంది, నిజానికి మోసం మనది మనమే చేసుకుంటాం. పారదోర్ అంటే కోటే అనుకుని బుక్ చేస్తారు. అక్కడిది నది అవతల కట్టిన కొత్త భవనం. కిటికీలోంచి పాత ఊరు అందంగా కనబడుతుంది, అది వేరే విషయం. బెనవెంతెలో కూడా ఒక్క బురుజే పాతది. చరిత్ర కావాలంటే బుక్ చేసే ముందు భవనం ఏ శతాబ్దానిదో చదవాలి. జమోరాలో ఈస్టర్ ముందు వారం గది దొరుకుతుందని ఆశపడకండి. ఊరేగింపుల కోసం దేశం సగం అక్కడే ఉంటుంది.

సలమాంకా దాటాక గిహువెలో. హామ్ తినేవాళ్ళకు ఇక్కడ చదువు అవసరం. తొడకు కట్టిన ప్లాస్టిక్ పట్టీ రంగు చూడాలి. నలుపైతే నూటికి నూరు శాతం ఇబెరికో జాతి, ఓక్ అడవిలో రాలిన కాయలు తిని పెరిగింది. ఎరుపైతే కాయలు తిన్నదే గానీ సంకర జాతి. ఆకుపచ్చైతే బయట తిరిగింది, దాణా కూడా తిన్నది. తెలుపైతే కొట్టంలో దాణా మీదే పెరిగింది. 'ఇబెరికో' అని పెద్దక్షరాలతో రాసి తెల్ల పట్టీ కట్టినదాన్ని కొని మురిసిపోయేవాళ్ళ మీదే ఆ దుకాణాలు బతుకుతున్నాయి.

ఇంత ప్రయాణంలో మనకొక ఇలవేల్పు ఉండాలి కదా. ఉన్నాడు: చక్రవర్తి ఐదో కార్లోస్. అమెరికా నుంచి నెదర్లాండ్స్ దాకా ఏలి, అన్నీ వదిలేసి ప్లసెన్సియా దగ్గర్లోని యూస్తె మఠం పక్కన విశ్రాంతి తీసుకుందామని వచ్చాడు. 1556 నవంబరులో చేరుకుంటే ఆయన కోసం కడుతున్న ఇల్లు పూర్తి కాలేదు. దగ్గర్లోని హరాందియా కోటలో 1557 ఫిబ్రవరి దాకా ఎదురుచూస్తూ కూర్చున్నాడు. ఆ కోటే ఇప్పుడు పారదోర్. సూర్యుడు అస్తమించని సామ్రాజ్యాధిపతికే గది మూడు నెలలు ఆలస్యమైతే, ఉదయం పదకొండుకి వెళ్ళి "రూమ్ రెడీయా" అని గొంతు పెంచే హక్కు మనకెక్కడిది? ఆయనా తిండిపోతే. గౌట్‌తో కాళ్ళు వాచిపోయినా బీరూ, ఉప్పు చేపలూ మానలేదట. వైద్యులు చెబితే వినలేదు. 1558లో పోయాడు.

యూస్తె, హరాందియా ఉన్న లోయ పేరు లా వేరా. ఇక్కడి మిరపకాయలను ఓక్ కట్టెల పొగ మీద పది పదిహేను రోజులు ఎండబెట్టి, రోజూ చేత్తో తిరగేసి, తర్వాత రాతి మరలో మెల్లగా విసురుతారు. ఆ పొడిని పిమెంతోన్ అంటారు. తీపి, తీపిచేదు, కారం అని మూడు రకాలు. అమెరికా నుంచి వచ్చిన అదే మిరప, పోర్చుగీసు ఓడల్లో మన తీరానికి చేరి గుంటూరులో స్థిరపడింది. అక్కచెల్లెళ్ళలో ఒకరు ఎలా మారిపోయారో చూడాలంటే 'పికాంతె' (కారం) అని రాసిన డబ్బా కొని నాలుక మీద వేసుకోండి. గుంటూరు వాళ్ళు దాన్ని పసిపిల్లలకు పెడతారు. పొగ వాసన మాత్రం మన దగ్గర లేదు, ఒప్పుకోవాలి. వాడేటప్పుడు కాగిన నూనెలో వేస్తే క్షణంలో మాడి చేదెక్కుతుంది. పొయ్యి మీంచి దించాక వేయాలి.

డబ్బాలంటే గుర్తొచ్చింది. బయల్దేరేటప్పుడు సూట్‌కేసులో నెయ్యి పెట్టకండి. బయటి దేశాల నుంచి పాల ఉత్పత్తులు, మాంసం తేవడాన్ని యూరోపియన్ యూనియన్ నిషేధించింది. జున్నుగడ్డ ఒక్కటే కాదు, పాలకోవా కూడా పాలే. ఆవకాయకు ఆ గొడవ లేదు, నూనె మాత్రం మీ చొక్కాల మీద కారుతుంది. పదహారో శతాబ్దపు గదిలో రైస్ కుక్కర్ పెట్టి పోపు వేస్తే పొగ అలారం మోగుతుంది, ఆ గోడలు చాలా యుద్ధాలు చూశాయి గానీ ఇంగువ చూడలేదు.

రోడ్డు మీద రెండు గోతులున్నాయి. ఒకటి బంకులో: 'గాసోలియో' అంటే డీజిలు, 'గాసోలీనా' అంటే పెట్రోలు. కంగారులో తారుమారు చేస్తే ఇంజిను బిల్లు మీదే, బీమా సాధారణంగా రాదు. ట్యాంకు మూత లోపలి గుర్తు చూడండి. చతురస్రంలో బీ7 ఉంటే డీజిలు, వృత్తంలో ఈ5 లేదా ఈ10 ఉంటే పెట్రోలు. రెండోది పాత ఊళ్ళ సందులు. జీపీఎస్ దగ్గరి దారి అని లోపలికి తోస్తుంది, స్థానికుల కార్లకే అనుమతి ఉన్న వీధిలో కెమెరా నంబరు తీసుకుంటుంది. జరిమానా ఇంటికొచ్చే ముందే, మీ వివరాలు పోలీసులకు ఇచ్చినందుకు అద్దె కంపెనీ తన రుసుము లాగేస్తుంది. పాత ఊరి లోపలి హోటల్ అయితే ముందే ఫోన్ చేసి కారు నంబరు నమోదు చేయించుకుని, ఏ గేటు నుంచి రావాలో అడగండి. లేదా బయట పార్కింగులో పెట్టి పెట్టెలు లాక్కుంటూ నడవండి, రాళ్ళ వీధుల్లో చక్రాలు ఊడిపోతాయి, అంతే.

జులై, ఆగస్టుల్లో మెరిడా, జఫ్రా వైపు నలభై డిగ్రీలు మామూలు. రెంటచింతల నుంచి వెళ్ళినవాళ్ళకు కొత్తేం కాదు గానీ, ఎండలో అలవాటైనంత మాత్రాన డబ్బులిచ్చి కాలడం ఎందుకు? ఏప్రిల్, మే, అక్టోబరు మంచివి.

సెవిల్‌లో కారు తిరిగిచ్చే ముందు ట్యాంకు నింపి రసీదు దాచండి, నాలుగు వైపులా, చక్రాలతో సహా ఫోటోలు తీయండి. మాడ్రిడ్‌కి ఏవీఈ అనే హైస్పీడ్ రైల్లో రెండున్నర గంటలు. మనవాళ్ళు పొద్దున పదకొండు బండికి కొంటారు, రోజు కలిసొస్తుందని. సాయంత్రం ఐదింటి బండికి కొనండి. రెండింటికి ఏదో ఒక బారులో నిలబడి, జీలకర్ర, వెల్లుల్లి, వేయించిన రొట్టె నూరిపోసి వండిన పాలకూర శనగలు తినొచ్చు. అందులో మాంసం వేయరు. అయినా 'సిన్ హమోన్' అని ఒకసారి అనండి.