‘లైన్ ఆఫ్ డ్యూటీ’: ‘హెచ్’ దొరికాడు, ఆస్బోర్న్ కుర్చీ కదల్లేదు

2021 మే 2, ఆదివారం రాత్రి బ్రిటన్‌లో సుమారు కోటి 28 లక్షల మంది ‘లైన్ ఆఫ్ డ్యూటీ’ అనే పోలీసు సీరియల్ ఆరో సీజన్ చివరి ఎపిసోడ్ కోసం బీబీసీ వన్ పెట్టుకుని కూర్చున్నారు. 2002లో ఇప్పటి పద్ధతిలో లెక్కలు తీయడం మొదలయ్యాక, డైలీ సీరియళ్లను పక్కన పెడితే, అక్కడ ఒక డ్రామా ఎపిసోడ్‌ను అంతమంది చూడటం అదే మొదటిసారి. అందరికీ కావాల్సింది ఒక్క ప్రశ్నకు జవాబు. పోలీసు శాఖలోనే పెద్ద హోదాలో ఉంటూ నేరగాళ్ల ముఠాతో చేతులు కలిపిన ఆ ‘హెచ్’ ఎవరు?

జవాబు వచ్చింది. ఇయన్ బకెల్స్. మొదటి సీజన్ నుంచీ అక్కడక్కడా కనిపిస్తూ, పని చేతకానివాడని అందరూ తీసిపారేసిన ఆఫీసరు. అతన్ని పట్టించిన ఆధారం కూడా చాలా చిన్నది. ముఠాకు పంపే మెసేజ్‌లలో ‘డెఫినెట్లీ’ అనే మాటకు ప్రతిసారీ అదే తప్పు స్పెల్లింగ్ రాయడం. చాలామంది ఉసూరుమన్నారు. తొమ్మిదేళ్లు ఎదురుచూసింది ఇతని కోసమా అని కోప్పడ్డారు. నా మాట వేరు. ఈ సీరియల్ మొత్తంలో అన్నిటికన్నా నిజాయితీగా రాసింది ఆ ముగింపే. అదెందుకో చెప్పాలంటే కథ విప్పక తప్పదు కాబట్టి, ఇంకా చూడనివాళ్లు చూశాకే ఇది చదవడం మేలు.

జెడ్ మెర్క్యూరియో రాసిన ఈ సిరీస్ 2012 జూన్‌లో బీబీసీ టూలో మొదలైంది. ఆయన రచయిత కాకముందు డాక్టరు. ‘సెంట్రల్ పోలీస్’ అనే కల్పిత పోలీసు శాఖలో, సొంత శాఖవాళ్ల తప్పుల మీదే దర్యాప్తు చేసే విభాగం ఏసీ-12. దాని అధిపతి సూపరింటెండెంట్ టెడ్ హేస్టింగ్స్‌గా ఏడ్రియన్ డన్‌బార్, కింద పనిచేసే స్టీవ్ ఆర్నట్‌గా మార్టిన్ కాంప్‌స్టన్, కేట్ ఫ్లెమింగ్‌గా విక్కీ మెక్‌ల్యూర్ నటించారు. మొదటి సీజన్ బర్మింగ్‌హామ్‌లో తీశారు, తర్వాతివన్నీ బెల్‌ఫాస్ట్‌లో. నాలుగో సీజన్‌కి బీబీసీ వన్‌కి మారింది. 2021 నాటికి ఆరు సీజన్లు.

ఇక్కడ మన ప్రేక్షకులకు ఒక తేడా కనిపిస్తుంది. పోలీసు అవినీతి అనగానే మనకు గుర్తొచ్చేది ఏసీబీ ట్రాప్: పౌడర్ రాసిన నోట్లు, గులాబీ రంగుకు తిరిగిన చేతులు, మర్నాటి పేపర్లో ఫొటో. ‘లైన్ ఆఫ్ డ్యూటీ’లో డబ్బు చేతులు మారడం ఎప్పుడో గాని కనబడదు. అక్కడ అవినీతి అంటే సహోద్యోగి తప్పును కప్పిపుచ్చడం, కేసు ఫైలును పక్కకు తోయడం, పైవాడు చెప్పినట్టు స్టేట్‌మెంట్ రాయడం. లంచం తీసుకున్నవాడు ట్రాప్‌లో దొరుకుతాడు. పై ఆఫీసరు మొహం చూసి ఒక వాక్యం మార్చి రాసినవాణ్ణి పట్టుకోవడానికి ఏ పౌడరూ లేదు.

మొదటి ఎపిసోడ్‌లో జరిగేది ఇదే. టెర్రరిస్టు దొరుకుతాడని సాయుధ పోలీసులు ఒక ఫ్లాట్ తలుపు బద్దలుకొడతారు. అది తప్పు ఫ్లాట్. పసిబిడ్డను ఒంటికి కట్టుకుని ఉన్న కరీమ్ అలీ అనే అమాయకుడు వాళ్ల తుపాకీకి చనిపోతాడు. వెంటనే చీఫ్ ఇన్‌స్పెక్టర్ ఫిలిప్ ఆస్బోర్న్ తన వాళ్లందరినీ కూర్చోబెట్టి, ఎవరేం చెప్పాలో నూరిపోస్తాడు. అందరూ తలూపుతారు. స్టీవ్ ఆర్నట్ ఒక్కడే ఊపడు. అందుకే అతను ఏసీ-12కి వస్తాడు.

బ్రిటిష్ ప్రేక్షకుడు ఈ సన్నివేశాన్ని చూసి ఝాన్ చార్లెస్ డి మెనెజెస్‌ను తలచుకోకుండా ఉండలేడు. 2005 జులై 22న లండన్ స్టాక్‌వెల్ స్టేషన్‌లో, ఆత్మాహుతి బాంబర్ అనుకుని పోలీసులు కాల్చి చంపిన 27 ఏళ్ల బ్రెజిల్ ఎలక్ట్రీషియన్ అతను. చనిపోయిన వెంటనే అతని దుస్తుల గురించీ, నడత గురించీ బయటికొచ్చిన మాటలు చాలావరకు అబద్ధాలని తర్వాత తేలింది. కాల్పులు జరిపినవాళ్లు కలిసి కూర్చుని నోట్స్ రాసుకోవడం మీదా పెద్ద చర్చే నడిచింది. 2007లో లండన్ మెట్రోపాలిటన్ పోలీసు శాఖకు ఆరోగ్య భద్రతా చట్టం కింద జరిమానా పడింది గాని, ఏ ఒక్క ఆఫీసరు మీదా కేసు నడవలేదు. తెలుగువాళ్లకు మరో ఘటన కూడా గుర్తురాక మానదు. 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో జరిగిన ఎన్‌కౌంటర్ మీద సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్, పోలీసులు చెప్పిన కథను నమ్మలేమని చెప్పి, 10 మంది పోలీసుల మీద హత్యానేరం కింద విచారణ జరపాలని సిఫారసు చేసింది. అందరి స్టేట్‌మెంట్లూ ఒకే మాట చెబితే అనుమానం ఎందుకు పుట్టాలో మనకు ఇంకొకరు నేర్పనక్కర్లేదు.

మొదటి సీజన్ చివరికి వచ్చేసరికి మెర్క్యూరియో ఆర్నట్‌ను కూడా వదల్లేదు. పట్టుబడిన స్టార్ డిటెక్టివ్ టోనీ గేట్స్ వాహనాల కిందికి నడిచి వెళ్లే ముందు ఒకటే అడుగుతాడు: నేను విధి నిర్వహణలో చనిపోయానని చెప్పు, నా కుటుంబానికి రావాల్సినవి వస్తాయి. ఒక అబద్ధం రాయనన్నందుకు ఉద్యోగం మారిన ఆర్నట్, ఆ మనిషి మీద జాలితో ఇంకో అబద్ధానికి ఒప్పుకుంటాడు. సీరియల్ పేరు ఆ అబద్ధంలోని మాటే. తప్పుడు స్టేట్‌మెంట్ కుట్రలోంచే పుట్టాలని లేదు. ఒక్కోసారి ప్రేమలోంచి, విధేయతలోంచి, సాటివాడి పెన్షన్ గురించిన దిగులులోంచి కూడా పుడుతుంది. దాన్ని పట్టుకోవడం ఎంత కష్టమో ఆ ఒక్క సన్నివేశం చూపిస్తుంది.

ఆస్బోర్న్ సంగతి అంతకన్నా ముఖ్యం. ఆరో సీజన్ నాటికి అతను చీఫ్ కానిస్టేబుల్, అంటే ఆ శాఖ మొత్తానికి అధిపతి. శవం ఇంకా నేల మీద ఉండగానే అబద్ధం అల్లినవాడు తొమ్మిదేళ్లలో మెట్లన్నీ ఎక్కేశాడు. ‘హెచ్’ ఎవరని వెతుకుతూ కోటిమంది ఈ మనిషిని దాటుకుంటూ వెళ్లిపోయారు.

ఏసీ-12 విచారణ గది గురించి కొంచెం నిలిచి చెప్పాలి. మన సినిమాల్లో ఇంటరాగేషన్ అంటే లాఠీ, చీకటి గది, ఊగే బల్బు. ఇక్కడ గాజు గోడల గది, బల్ల మీద ఫైళ్లు, రికార్డింగ్ మొదలయ్యే ముందు చెవులు గింగురుమనేలా వచ్చే పొడవాటి బీప్. తనకన్నా కనీసం ఒక ర్యాంకు పైనున్న ఆఫీసరే తనను ప్రశ్నించాలని అడిగే హక్కు నిందితుడికి ఉంది. ఫలానా నంబరు డాక్యుమెంట్ చూడండి అంటారు, కాగితం తిప్పుతారు. ఇరవై నిమిషాలు దాటే ఇలాంటి సన్నివేశాల్లో ఒక్క దెబ్బ పడదు, ఒక్క తుపాకీ పేలదు. అయినా టెన్షన్ తట్టుకోలేం. రెండో సీజన్‌లో లిండ్సే డెంటన్‌గా కీలీ హాస్ ఆ బల్లకు అవతలి వైపు కూర్చున్నప్పుడు, ఎవరు ఎవరిని విచారిస్తున్నారో తెలియని పరిస్థితి వస్తుంది.

ఈ గదికి ఒక చరిత్ర ఉంది. పోలీసులు కొట్టి, బెదిరించి ఒప్పుకోలు రాయించిన కేసులు ఇంగ్లండ్‌లో ఒకటి తర్వాత ఒకటి కూలాయి. 1984లో తెచ్చిన పోలీసు, సాక్ష్యాధారాల చట్టంతో విచారణను టేపు మీద రికార్డు చేయడం పద్ధతిగా మారింది. సీరియల్ మొదలైన బర్మింగ్‌హామ్‌కే చెందిన వెస్ట్ మిడ్‌లాండ్స్ సీరియస్ క్రైమ్ స్క్వాడ్, దొంగ ఒప్పుకోళ్ల ఆరోపణలతో 1989లో రద్దయింది. ఆ నగరంలో 1974లో జరిగిన పబ్ పేలుళ్ల కేసులో ఆరుగురికి పడ్డ శిక్షలను కోర్టు కొట్టేసింది 1991లో. ఇదే బ్రిటిష్ పాలన మన దేశానికి 1872లో రాసిన సాక్ష్య చట్టం, పోలీసు ముందు చేసిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదని 25వ సెక్షన్‌లోనే చెప్పేసింది. ఇక్కడి పోలీసు కొట్టి చెప్పిస్తాడన్న అనుమానం వాళ్లకు అప్పుడే ఉంది. సొంత పోలీసుల మీద అలాంటి జాగ్రత్త పడటానికి మరో నూరేళ్లకు పైగా పట్టింది.

సీరియల్ లోపాలు చెప్పకుండా పొగడటం నాకు ఇష్టం లేదు. మూడో సీజన్ తర్వాత మెర్క్యూరియో ‘హెచ్’ అనే చిక్కుముడికి బాగా అలవాటుపడ్డారు. ప్రతి సీజన్‌లో కొత్త అనుమానం, ప్రతి ఎపిసోడ్ చివర కొత్త మలుపు. ఐదో సీజన్‌లో హేస్టింగ్స్‌నే అనుమానించేలా చేసిన పద్ధతిలో కథ బలం కన్నా గారడీ ఎక్కువ. మహా మేధావి విలన్ ఒకడున్నాడని అన్నేళ్లు ఆశపెట్టి, చివర అలాంటివాడెవడూ లేడు అంటే ప్రేక్షకుడికి కోపం రాదా? వస్తుంది, న్యాయమే. కానీ ఆ కోపం దారిమీద. చేరిన చోటు మాత్రం సరైనదే.

ఎందుకంటే ఆ ఎపిసోడ్ వచ్చిన ఆరు వారాలకే, 2021 జూన్ 15న, లండన్‌లో ఒక నివేదిక బయటికొచ్చింది. డేనియల్ మోర్గన్ అనే ప్రైవేటు డిటెక్టివ్‌ను 1987 మార్చి 10న దక్షిణ లండన్ సిడెన్‌హామ్‌లో ఒక పబ్ కారు పార్కింగ్‌లో గొడ్డలితో నరికి చంపారు. దర్యాప్తు మీద దర్యాప్తు జరిగింది, ఎవరికీ శిక్ష పడలేదు. 2013లో ప్రభుత్వం స్వతంత్ర ప్యానెల్ వేసింది. అది ఎనిమిదేళ్లు పనిచేసింది, 2014 నుంచి నూలా ఒలోన్ అధ్యక్షతన. పోలీసు కంప్యూటర్ రికార్డులు చూడనివ్వడానికే ఏళ్లు పట్టిందని చెప్పింది. పేరు పోతుందని సొంత వైఫల్యాలను దాచడం, ఒప్పుకోకపోవడం కూడా అవినీతే, అది వ్యవస్థాగత అవినీతి అని మెట్రోపాలిటన్ పోలీసు గురించి తేల్చింది.

చివరి ఎపిసోడ్‌తో పోల్చి చూడండి. అక్కడా పై వరుసలో కూర్చున్నవాళ్లకు కావాల్సింది బకెల్స్ ఒక్కడితో కథ ముగియడం. అతను మేధావి కాదు. వచ్చిన ఆదేశాన్ని ముందుకు పంపాడు, తన వాటా తీసుకున్నాడు, ప్రమోషన్లు వచ్చాయి. చేతకాని మనిషి అంత పైకి ఎలా వెళ్లాడని ఎవరూ అడగలేదు. అడిగితే అతన్ని పైకి పంపినవాళ్ల పేర్లు చెప్పాలి. చేతకానితనం వెనుక అవినీతి ఇన్నేళ్లు దాక్కుందని ఆ ఎపిసోడ్ చెబుతోంది. విచిత్రం, నిరాశపడ్డ ప్రేక్షకులూ అతను చేతకానివాడు కాబట్టి ‘హెచ్’ అయ్యే వీల్లేదనే వాదించారు.

అప్పటి మెట్రోపాలిటన్ పోలీసు కమిషనర్ క్రెసిడా డిక్‌కు ఈ సీరియల్ నచ్చలేదు. పోలీసుల్లో అంత తీవ్రమైన అవినీతి అంత మామూలు విషయమన్నట్టు చూపించడం తనకు చాలా కోపం తెప్పించిందని 2019లో ఒక ఇంటర్వ్యూలో చెప్పారు. స్టాక్‌వెల్ కాల్పుల రోజు ఆ ఆపరేషన్‌కు నాయకత్వం వహించింది ఆవిడే. వ్యక్తిగతంగా ఆమె తప్పేమీ లేదని 2007లో జ్యూరీ స్పష్టంగా చెప్పింది, అది ఇక్కడ చెప్పడం న్యాయం. మోర్గన్ నివేదికలోని వ్యవస్థాగత అవినీతి అన్న మాటనూ ఆవిడ ఒప్పుకోలేదు. పోలీసులందరూ దొంగలు కారన్నది ఆమె బాధ అయితే అది నిజమే. ఈ సీరియల్ కూడా అలా అనలేదు. ఏసీ-12లో ఉన్న ముగ్గురూ పోలీసులే కదా.

పైగా డ్రామా కొత్తగా కనిపెట్టింది పెద్దగా లేదు. 1969లో టైమ్స్ పత్రిక బయటపెట్టిన టేపుల్లో ఒక లండన్ డిటెక్టివ్, శాఖ లోపల తమలాంటి అవినీతిపరులదో చిన్న సంస్థ ఉందని చెప్పుకున్నాడు. 1972లో కమిషనర్‌గా వచ్చిన రాబర్ట్ మార్క్, ఏ-10 పేరుతో సొంత శాఖ మీదే దర్యాప్తు చేసే విభాగాన్ని నడిపారు. ఆయన హయాంలో సుమారు 500 మంది శాఖ వదిలిపోయారు. ఏసీ-12కు ముత్తాత ఆ ఏ-10. ఆరో సీజన్‌లో వినిపించే లారెన్స్ క్రిస్టఫర్ కేసు, 1993లో లండన్‌లో జాతి విద్వేషంతో హత్యకు గురైన నల్లజాతి కుర్రాడు స్టీఫెన్ లారెన్స్‌ను తలపిస్తుంది. ఆ కేసులో ఇద్దరికి శిక్ష పడటానికి 2012 వరకూ ఆగాల్సి వచ్చింది.

చివరి ఎపిసోడ్ ఆఖర్న తెర మీద పడే వాక్యం నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెడుతుంది: పదవుల్లో ఉన్నవాళ్ల తప్పుల్ని అడ్డుకునే ఏసీ-12 అధికారాలు ఇంత బలహీనంగా ఎప్పుడూ లేవు. బకెల్స్ దొరికాడు, దాంతో పాటే అతన్ని పట్టుకున్న విభాగం కోరలూ పీకేశారు. మోర్గన్ కుటుంబానికి మెట్రోపాలిటన్ పోలీసు 2023 జులైలో క్షమాపణ చెప్పింది, హత్య జరిగిన 36 ఏళ్లకు.

ఏడో సీజన్ తీస్తున్నట్టు బీబీసీ 2025 నవంబరులో ప్రకటించింది. ముగ్గురు పాతవాళ్లూ తిరిగి వస్తున్నారు. మెర్క్యూరియో మళ్లీ ఒక అక్షరాన్ని పట్టుకుని మనల్ని ఆరు వారాలు తిప్పకుండా ఉంటే చాలు. ఎక్కడో దాక్కున్న కొత్త ‘హెచ్’ నాకు అక్కర్లేదు. కరీమ్ అలీ చనిపోయిన రోజు గదిలో ఎవరు ఏం చెప్పారో, ఎవరు తలూపారో, వాళ్లలో ఎవరెవరికి ప్రమోషన్లు వచ్చాయో ఒక్కొక్కటిగా అడగాలి. బీప్ మోగించి, ఫైలు తెరిచి, ముందుగా పిలవాల్సింది చీఫ్ కానిస్టేబుల్ ఆస్బోర్న్‌ను.