మేనేజర్ మారితే 81 మారుతుందా?

81, 79, 80, 81. శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ అనే అమెరికా బేస్‌బాల్ జట్టు 2022 నుంచి 2025 దాకా నాలుగు సీజన్లలో గెలిచిన మ్యాచ్‌ల లెక్క ఇది. సీజన్‌కి 162 మ్యాచ్‌లు. అంటే నాలుగేళ్లుగా సరిగ్గా సగం దగ్గర తిష్ఠ వేసుకుని కూర్చున్న జట్టన్నమాట. మొదటి రెండేళ్లు మేనేజర్ గేబ్ క్యాప్లర్, తర్వాతి రెండేళ్లు బాబ్ మెల్విన్. ఇద్దరినీ పంపించేశారు. 2025 అక్టోబర్ 22న మూడో ఆయన్ని తెచ్చారు, పేరు టోనీ విటెల్లో.

అప్పట్నుంచి శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల బే ఏరియాలో బేస్‌బాల్ చూసేవాళ్లందరిదీ ఒకటే చర్చ, ఈయన పనికొస్తాడా రాడా అని. నా మటుకు నాకు ఈ నియామకం నచ్చింది. కానీ ఆ 81 మారాలంటే చూడాల్సింది మైదానం పక్కన జట్టు కూర్చునే డగౌట్ వైపు కాదు, పై అంతస్తులోని ఆఫీసు వైపు.

క్రికెట్ అలవాటున్న మనకు మేనేజర్ అంటే హోటల్ గదులు, బస్సులు చూసుకునే మనిషి గుర్తొస్తాడు. బేస్‌బాల్‌లో అలా కాదు. అతను కోచ్, సగం కెప్టెన్ కూడా. ఆటగాళ్లలాగే యూనిఫాం వేసుకుని డగౌట్‌లో ఉంటాడు. బ్యాటింగ్ ఆర్డర్ రాసేదీ, బంతి విసిరే పిచర్ అలిసిపోయాడనిపిస్తే నడుచుకుంటూ వెళ్లి చేతిలో బంతి తీసుకునేదీ అతనే. ఒకసారి బయటికి పంపిన ఆటగాడిని ఆ మ్యాచ్‌లో మళ్లీ దింపడానికి లేదు కాబట్టి ప్రతి మార్పూ టెన్షనే. అయితే ఎవరిని కొనాలి, ఎవరిని అమ్మాలి అన్నది అతని చేతిలో ఉండదు. అది ఆఫీసు పని. జెయింట్స్‌లో ఆ ఆఫీసు కుర్చీలో ఉన్నది బస్టర్ పోసీ. 2010, 2012, 2014లో మూడు వరల్డ్ సిరీస్‌లు, అంటే లీగ్ టైటిళ్లు, గెలిచిన జట్టుకు క్యాచర్ (మన వికెట్ కీపర్ లాంటివాడు) ఆయనే. 2024 సెప్టెంబర్ చివర్లో ఫర్హాన్ జైదీని తీసేసి ఆయన్ని కూర్చోబెట్టారు.

నాయకుడు మారితే జట్టు రాత మారదా అని హైదరాబాద్ వాళ్లు నన్ను నిలదీయొచ్చు. 2008 ఐపీఎల్‌లో 14 మ్యాచ్‌లకు రెండే గెలిచి అట్టడుగున నిలిచిన డెక్కన్ ఛార్జర్స్, మరుసటి ఏడాది గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో కప్పు కొట్టింది కదా! నిజమే. కానీ అది నెలన్నరలో ముగిసిపోయే టోర్నీ. నాలుగు మ్యాచ్‌లు కలిసొస్తే ఊపు వచ్చేస్తుంది. ఆరు నెలలపాటు దాదాపు రోజూ ఆడే ఆటలో ఆ ఊపు ఎక్కడ నిలుస్తుంది? జెయింట్స్ 2025లో మొదటి 16 మ్యాచ్‌ల్లో 12 గెలిచారు. చివరికి తేలింది 81 గెలుపులు, 81 ఓటములు.

బ్రూస్ బోచీ కథ చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. మూడు టైటిళ్లూ ఆయన హయాంలోనే వచ్చాయి, ఇక్కడ ఆయన దేవుడితో సమానం. 2025 శరదృతువులో టెక్సస్ రేంజర్స్ జట్టు నుంచి బయటికి రాగానే, 70 ఏళ్ల మనిషిని మళ్లీ తీసుకురమ్మని నా స్నేహితుల్లో సగం మంది అన్నారు. ఆ బోచీయే ఇక్కడికి రాకముందు శాన్ డియేగోలో 12 సీజన్లు చేశారు. లెక్క 951 గెలుపులు, 975 ఓటములు. అంటే సగం కన్నా తక్కువ. శాన్ ఫ్రాన్సిస్కోలో పిచర్లు మ్యాట్ కేన్, లిన్సెకమ్, బమ్‌గార్నర్, క్యాచర్ పోసీ చేతికొచ్చాక మూడు కప్పులు గెలిచారు. వాళ్లు అరిగిపోయాక 2017లో అదే బోచీ 98 మ్యాచ్‌లు ఓడిపోయారు. నూతిలో నీళ్లుంటే కదా చేదలోకి వచ్చేది.

మెల్విన్ విషయంలోనూ అంతే. మూడుసార్లు మేనేజర్ ఆఫ్ ది ఇయర్ అందుకున్న ఆయన పాలో ఆల్టోలో పుట్టిన మన బే ఏరియా మనిషే. 2025 జూలై 1న ఒప్పందం పొడిగించి, సెప్టెంబర్ 29న తీసేశారు. మూడు నెలల్లో ఆయన ఆట మర్చిపోయారా? ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది. మధ్యలో జూలై చివర ట్రేడ్‌ల (జట్ల మధ్య ఆటగాళ్ల మార్పిడి) గడువుకు బుల్‌పెన్‌లోని, అంటే మ్యాచ్ మధ్యలో దింపే పిచర్లలోని, టైలర్ రోజర్స్‌ని, కమీలో డోవాల్‌ని, అవుట్‌ఫీల్డర్ యస్ట్రెమ్‌స్కీని ఆఫీసే అమ్మేసింది. చివరి ఇన్నింగ్స్‌లో బంతి ఎవరికివ్వాలో తెలియని పరిస్థితి తెచ్చి, ఆ తప్పు మేనేజర్ ఖాతాలో రాశారు.

సరే, కొత్త మేనేజర్ కోసం వినిపించిన పేర్లు చూద్దాం. నిక్ హండ్లీ, కర్ట్ సుజుకి ఇద్దరూ పోసీలాగే మాజీ క్యాచర్లు. హండ్లీ కుటుంబ కారణాలతో తప్పుకున్నారు. సుజుకిని ఏంజెల్స్ అనే జట్టు తీసుకుంది. ఒకప్పుడు ఇక్కడే కోచ్‌గా చేసిన క్రెయిగ్ అల్బర్నాజ్ బాల్టిమోర్ జట్టుకు వెళ్లారు. నన్నడిగితే సుజుకి సురక్షితమైన ఎంపిక. అంటే 81 గెలుస్తాడని కొంచెం గట్టిగా చెప్పగలిగే ఎంపిక!

విటెల్లో అలా కాదు. నియామకం నాటికి 47 ఏళ్లు. టెనెసీ యూనివర్సిటీ జట్టును 2024లో కాలేజీ ఛాంపియన్ చేశారు. ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో ఆటగాడిగా గానీ కోచ్‌గా గానీ ఒక్కరోజు కూడా లేకుండా, కాలేజీ నుంచి నేరుగా మేజర్ లీగ్ మేనేజర్ అయిన మొదటి మనిషి. ఆయన్ని విడిపించుకోవడానికే యూనివర్సిటీకి 30 లక్షల డాలర్లు కట్టారని వార్త. ఒకప్పుడు మిస్సోరీ యూనివర్సిటీలో ఆయన పిచింగ్ కోచ్‌గా ఉన్నప్పుడు, తర్వాత పెద్ద పిచర్ అయిన మ్యాక్స్ షెర్జర్ అక్కడి విద్యార్థి. పిల్లల్ని తీర్చిదిద్దడంలో చెయ్యి తిరిగినవారు. కోపమూ ఎక్కువే. 2022లో అంపైర్‌కి ఛాతీ తగిలించి నాలుగు మ్యాచ్‌ల సస్పెన్షన్ తిన్నారు.

కాలేజీ సీజన్ అరవై, డెబ్బై మ్యాచ్‌లే. అక్కడ ప్రతి వారాంతం పండగలా ఉంటుంది. ఇక్కడ ఆగస్టులో మంగళవారం రాత్రి, చలిగాలిలో, నాలుగు పరుగులు వెనకబడి, వరుసగా పదకొండో రోజు ఆడుతున్నప్పుడు ఆయన కేకలు పనిచేస్తాయా? నాకూ అనుమానమే. అయినా ఈ పందెం సరైనదే అంటాను. ఎందుకంటే ఈ జట్టుకు ఇప్పుడు కావాల్సింది పిల్లల్ని పెంచే చెయ్యి. 2025 జూలైలో రోజర్స్‌ని న్యూయార్క్ మెట్స్‌కి ఇచ్చినప్పుడు వచ్చిన ముగ్గురిలో డ్రూ గిల్బర్ట్, బ్లేడ్ టిడ్‌వెల్ ఇద్దరూ టెనెసీలో ఆయన దగ్గర ఆడినవాళ్లే. యాదృచ్ఛికమే కావచ్చు. నేనైతే నమ్మను.

ఇక అసలు సంగతి, కొనుగోళ్లు. జెయింట్స్ అభిమాని గుండెల్లో వరుసగా దిగిన ముళ్లు ఇవి. 2022 డిసెంబర్‌లో స్టార్ బ్యాటర్ ఆరన్ జడ్జ్ కోసం వెంటపడ్డారు. శాన్ ఫ్రాన్సిస్కోకి రెండు గంటల దూరంలోని లిండెన్‌లో పెరిగిన కుర్రాడు, వచ్చేస్తాడనుకున్నాం. 36 కోట్ల డాలర్లకు న్యూయార్క్‌లోనే ఉండిపోయాడు. అదే నెలలో కార్లోస్ కొరియాకు 35 కోట్లు ఖాయం చేసి, వైద్య పరీక్షల దగ్గర పెళ్లిపీటల మీద పెళ్లి ఆగిపోయినట్టు ఆపేశారు. మరుసటి చలికాలం జపాన్ స్టార్లు ఒటానీ, యమమోటో ఇద్దరూ మన ప్రత్యర్థి లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌కే. 2024లో పిచర్ బ్లేక్ స్నెల్ వచ్చాడు, ఆగస్టు 2న ప్రత్యర్థికి ఒక్క హిట్ కూడా ఇవ్వని నో-హిట్టర్ వేశాడు, సీజన్ అయ్యాక 18 కోట్ల 20 లక్షలకు డాడ్జర్స్‌లో చేరాడు. అంతే సొమ్ముకు మనం బ్యాటర్ విల్లీ అడామెస్‌ని తెచ్చుకున్నాం. ఆ చేరినవాళ్లంతా కలిసి 2025 నవంబర్ 1న వరుసగా రెండో వరల్డ్ సిరీస్ ఎత్తుకున్నారు.

పన్నుల వల్ల రారని కొందరంటారు. లాస్ ఏంజెలెస్‌లో కట్టేదీ కాలిఫోర్నియా పన్నే కదా. నగరం గురించి ఆటగాళ్ల ఇళ్లలో సందేహాలున్నాయని అప్పట్లో పోసీయే అన్నారు. దాన్ని పూర్తిగా కొట్టిపారేయలేను. కానీ అసలు కారణం మైదానమే అనిపిస్తుంది. కాల్‌ట్రెయిన్ అనే లోకల్ రైలు దిగి నాలుగడుగులు వేస్తే ఒరాకిల్ పార్క్. జూన్‌లో కూడా స్వెటర్ లేకుండా కూర్చోలేం. ఆ సముద్రపు గాలికి, కుడివైపు దూరంగా ఉండే బౌండరీకి మరో ఊళ్లో హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) అయ్యే బంతి ఇక్కడ క్యాచ్ అవుతుంది. 2004లో బ్యారీ బాండ్స్ తర్వాత ఒక జెయింట్ 30 హోమ్ రన్లు కొట్టడానికి 2025లో అడామెస్ దాకా ఆగాల్సి వచ్చింది. తన లెక్కలు పాడవుతాయని తెలిసి ఏ బ్యాటర్ వస్తాడు?

వాళ్లు వాళ్లంతట రాకపోతే ట్రేడ్‌లో తెచ్చుకోవాలి. 2025 జూన్ 15న బాస్టన్ నుంచి బ్యాటర్ రాఫెల్ డెవర్స్‌ని అలాగే తెచ్చారు. పదేళ్లకు 31 కోట్ల 35 లక్షల ఒప్పందంలో మిగిలిందంతా మన నెత్తిన వేసుకున్నారు. ఇక్కడ 90 మ్యాచ్‌ల్లో 20 హోమ్ రన్లు కొట్టాడు, తప్పు పట్టడానికేం లేదు. కానీ ఇచ్చిందేమిటి? ఈస్ట్ బే కుర్రాడు కైల్ హారిసన్‌ని, 2024 డ్రాఫ్ట్‌లో (కొత్త కుర్రాళ్లను జట్లు ఎంచుకునే కార్యక్రమం) మనవాళ్ల మొదటి ఎంపిక జేమ్స్ టిబ్స్‌ని. ఏడు వారాలు తిరక్కుండానే బాస్టన్ ఆ టిబ్స్‌ని డాడ్జర్స్‌కి అమ్మేసింది. మన తోటలో మొలిచిన మొక్క శత్రువు పెరట్లోకి చేరింది! ఈ ట్రేడ్ తర్వాత జట్టు గెలిచినవాటికన్నా ఓడినవే ఎక్కువ.

పొరుగింటి పుల్లకూర రుచి అన్న జబ్బు ఈ క్లబ్‌కి కొత్త కాదు. 2003లో క్యాచర్ పియర్జిన్‌స్కీ కోసం జో నేథన్, లిరియానోలతో పాటు బూఫ్ బోన్సర్‌నీ ఇచ్చేశారు. నేథన్ తన తరం మేటి క్లోజర్లలో (చివరి ఇన్నింగ్స్ ముగించే పిచర్లు) ఒకడయ్యాడు. 2011లో బ్యాటర్ బెల్ట్రాన్‌ని రెండు నెలల అద్దెకు తెచ్చుకుని పిచర్ జాక్ వీలర్‌ని వదులుకున్నారు. ఆ ఏడు ప్లేఆఫ్స్‌కి కూడా వెళ్లలేదు. 2018లో మెకచన్ కోసం బ్రయాన్ రేనాల్డ్స్ వెళ్లిపోయాడు, ఆగస్టు ముగిసేసరికి మెకచన్ కూడా లేడు.

మరి కప్పులు ఎలా వచ్చాయి? 2010 నవ్వొచ్చే కథ. 12 కోట్ల 60 లక్షలు పోసి తెచ్చిన పిచర్ బ్యారీ జిటోని ప్లేఆఫ్ జట్టులోనే పెట్టలేదు. గెలిపించిన చేతులు చూస్తే టాంపా బే వదిలేసిన పాట్ బరెల్, ఆగస్టులో ఫ్లోరిడా వద్దనుకున్న కోడీ రాస్. లీగ్ ఫైనల్ సిరీస్‌లో ఆ రాసే ఎంవీపీ, అంటే మేటి ఆటగాడు. 2012లో కొలరాడో నుంచి చవగ్గా వచ్చిన మార్కో స్కుటారో ఎంవీపీ. 2014లో పిట్స్‌బర్గ్ వదులుకున్న ట్రావిస్ ఇషికావా హోమ్ రన్‌తో వరల్డ్ సిరీస్‌కి వెళ్లారు. జిటోకి న్యాయం చేయాలంటే, 2012 వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్‌లో ప్రత్యర్థి పిచర్ వర్లాండర్‌ని ఓడించింది ఆయనే అని ఒప్పుకోవాలి. ఆ వర్లాండర్‌కే 2025లో మనవాళ్లు కోటిన్నర డాలర్లిచ్చి 42 ఏళ్ల వయసులో తెచ్చారు. 4 గెలుపులు, 11 ఓటములు.

ఇంట్లో పెంచిన పిచర్లు, బయట ఎవరో వద్దనుకున్న బ్యాటర్లు. మూడు కప్పుల కిటుకు ఇదే. ఒరాకిల్ పార్క్ బ్యాటర్లకు నరకమైతే పిచర్లకు స్వర్గం కదా, ఆ సరుకు అమ్ముకోవడం చేతకాదా? 2025-26 చలికాలం నాకు ఇంకో పెద్ద బ్యాటర్ వద్దు. 2014 డ్రాఫ్ట్ నాలుగో రౌండ్‌లో దొరికిన పిచర్ లోగన్ వెబ్ ఒక్కడే ఎన్నాళ్లు మోస్తాడు? మరో పిచర్ రాబీ రే ఒప్పందం 2026తో అయిపోతుంది. మోచేతి సర్జరీతో రాండీ రోడ్రిగెజ్ 2026 అంతా ఆడడు. ఉన్న డబ్బుతో మ్యాచ్ మొదలుపెట్టే ఒక మంచి పిచర్‌ని (స్టార్టర్), మధ్యలో దిగే ముగ్గురు పిచర్లని (రిలీవర్లు) కొని, మిగతాది దాచుకుంటే చాలు.

కుర్రాళ్లని మాత్రం ముట్టుకోకండి. ముఖ్యంగా బ్రైస్ ఎల్డ్రిడ్జ్‌ని. ఆరడుగుల ఏడంగుళాల ఫస్ట్ బేస్‌మన్ (మొదటి బేస్ దగ్గర నిలబడే ఫీల్డర్), 2025 సెప్టెంబర్‌లోనే తొలి మ్యాచ్ ఆడాడు. చిక్కేమిటంటే 2025 సీజన్ చివర్లో ఫస్ట్ బేస్‌లో నిలబడింది డెవర్స్. బాస్టన్‌లో స్థానం మారమన్నందుకే కదా అతను అలిగింది, అందుకే కదా అక్కణ్ణుంచి అమ్మేశారు. ఎల్డ్రిడ్జ్‌కి చోటివ్వాలంటే గ్లవ్ పక్కనపెట్టి బ్యాట్ మాత్రమే పట్టుకోమని డెవర్స్‌కి ఎవరో చెప్పాలి. ఆ తలుపు తట్టాల్సింది పోసీ కాదు, నిన్నటిదాకా పందొమ్మిదేళ్ల పిల్లలతో మాట్లాడిన విటెల్లో. 2026 ఫిబ్రవరిలో స్కాట్స్‌డేల్ ప్రాక్టీసు శిబిరం మొదలవగానే నేను చూసేది స్కోర్లు కాదు, ఉదయం ప్రాక్టీసులో ఫస్ట్ బేస్ దగ్గర ఎవరు నిలబడ్డారో చూస్తాను.